మౌసు త్వరణమును గూర్చిన పాఠము



2025వ సంవత్సరము అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10 అను ఆపరేటింగు సిస్టమునకు సామాన్యమైన మద్దతు ముగిసినది. విండోస్ 11 నడువజాలని పాత కంప్యూటర్లు గలవారిలో కొందరు వానిని పారవేయక, లినక్సునకు మారిరి. మా తరగతి విద్యార్థి యొకడును ఇంట నట్లే చేసెను. కొలది దినములకు అతడు మాయొద్దకు వచ్చి, “అయ్యా, గురిచూచి కొట్టు ఆటలో నా గురి పూర్తిగా చెడిపోయినది. చేయి అదే, మౌసు అదే, అయినను లక్ష్యమును దాటిపోవుచున్నాను” అని మొరపెట్టుకొనెను. మేము నవ్వి, “ఆడలేక మద్దెల ఓడనినట్లున్నది” అంటిమి. అతడు తలవంచుకొని పోయెను. మేమన్న మాట తప్పని తరువాత తెలిసినది. ఎట్లు తెలిసెనో ఈ పాఠమున వివరింతుము.

మౌసు తెరపై బాణపు గుర్తు ఎచట నుండవలెనో చెప్పదు. తాను ఏ దిక్కునకు ఎంత జరిగినదో మాత్రమే చిన్న చిన్న లెక్కలుగా పంపును. 800 డి.పి.ఐ. గల మౌసును ఒక అంగుళము జరిపినచో 800 లెక్కలు పోవును. లెక్కకొక చుక్క చొప్పున బాణము జరిగినయెడల, 1920 చుక్కల వెడల్పు గల తెరను ఈ కొననుండి ఆ కొనకు దాటుటకు 2.4 అంగుళములు చాలును. చేయి మెల్లగా జరిగినను, వడిగా జరిగినను ఈ లెక్క మారదు.

అయితే ఆపరేటింగు సిస్టము ఈ లెక్కలను ఉన్నవున్నట్లు తెరకందింపక, చేతి వేగమును బట్టి ఒక గుణకముచే హెచ్చించి గాని తగ్గించి గాని అందింపవచ్చును. దీనినే మౌసు త్వరణమందురు. భౌతికశాస్త్రమున మీరు చదివిన త్వరణము కాలముతో వేగము మారుట. ఇచట మారునది గుణకము. పేరొకటియే గాని భావము వేరు. మెల్లగా జరిపిన సూక్ష్మత, వడిగా జరిపిన దూరము లభించును గావున, నిత్యపు పనులకు ఇది అనుకూలమే. గురి ఆటకు మాత్రము చిక్కు కలుగును. ఎంత దూరము జరిపిన ఎంత తిరుగునో చేయి అభ్యాసముచే నేర్చును. ఒకే దూరము ఒకమారొక ఫలమును, మరియొకమారు వేరొక ఫలమును ఇచ్చినచో ఆ నేర్పు ఎట్లు నిలుచును?

మరునాడు మేము ఆ బాలునితో కూడి పరీక్ష చేసితిమి. మీరును చేయవచ్చును. బల్లపై రెండు లావుపాటి పుస్తకములను, వాని నడుమ మౌసు సరిగా ఒక్క అంగుళము జరుగునట్లు ఉంచుడు. మౌసును ఎడమ పుస్తకమునకు ఆనించి, ఎత్తకయే బాణము తెర నడుమ నుండునట్లు పుస్తకములను మౌసును కలిపి సర్దుడు. మౌసును కుడి పుస్తకము తగులువరకు మిక్కిలి మెల్లగా జరిపి, వెంటనే వడిగా వెనుకకు తెండు. బాణము బయలుదేరిన చోటికే వచ్చినచో త్వరణము లేదు. మాకు మాత్రము అది ఆ చోటును దాటి ఎడమకు చాలదూరము పోయెను. మద్దెల నిజముగానే ఓడు!

కారణము విచారింపగా, విండోసులో “ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్” అను గుర్తును అతడు పూర్వమెన్నడో తీసివేసి, ఆ సంగతి మరచియుండెను. లినక్సులో మౌసు లెక్కలను గ్రహించు “లిబ్‌ఇన్‌పుట్” అను భాగము సాధారణముగా “అడాప్టివ్” పద్ధతిని, అనగా వేగమును బట్టి మారు పద్ధతిని, అవలంబించును. “ఫ్లాట్” పద్ధతిలో గుణకము స్థిరముగా నుండును. గ్నోమ్ అను తెర గలవారు సెట్టింగులలో మౌసు పుటను తెరచి “మౌస్ యాక్సెలరేషన్” మీటను ఆపివేసిన చాలును. వేగపు మీటను నడుమ నుంచినచో లెక్కకొక చుక్క నియమము నిలుచును. విండోసులో ఆ మీటకు 11 స్థానములు కలవు. పై గుర్తును తీసివేసి 6వ స్థానమున ఉంచినచో ఇదే ఫలము కలుగును.

ఇచట ఒక హెచ్చరిక. నేటి ఆటలు పెక్కు “రా ఇన్‌పుట్” అను మార్గమున మౌసు లెక్కలను నేరుగా గ్రహించును. వానికి ఈ త్వరణము అంటదు. అట్టి ఏర్పాటు ఉన్నచో ముందుగా దానిని ఎంచుకొనుడు. పిదప ఆటలో ఒక పూర్ణభ్రమణమునకు మౌసు ఎన్ని సెంటీమీటర్లు జరుగవలెనో స్కేలుతో కొలిచి వ్రాసికొనుడు. సిస్టము మారినను ఆ కొలత మారకున్నచో చేతికి క్రొత్త చదువు అక్కరలేదు. ఒక్కమారు ఒక్క ఏర్పాటునే మార్చుడు. రెండు మార్చినచో ఏది మేలు చేసెనో తెలియదు.

ఆ బాలునికి గురి ఒక్కనాట రాలేదు. వారము దినములకు కుదిరెను. మేము తరగతి యెదుట అతనితో, “నీ మాట నిజము, మేము తొందరపడితిమి” అని చెప్పితిమి. సామెత సొగసైనదే కాని, కొలతకు బదులు కాదు. ఎవరైనను తమ పనిముట్టు చెడినదని చెప్పినప్పుడు, నవ్వుటకు ముందు స్కేలు తీసికొందము.