మొన దగ్గర ఆగిన చీమ

పిల్లలూ, తెలుగు పేజీలో లెక్కలేమిటని తిప్పేయకండి. నాన్నగారికో అమ్మగారికో ఏ ఊరికి బదిలీ అయినా మీరు లెక్కలు ఇంగ్లీషులోనే చేస్తారు. ఒక్కసారి మన మాటలో చేద్దాం. పెద్ద తరగతుల వాళ్లకు అవకలనం తెలుసు. చిన్నవాళ్లు బొమ్మ వేస్తే చాలు.

అడ్డం కొలత ‘అ’, నిలువు కొలత ‘న’ అనుకుని, గ్రాఫు కాగితం మీద న² = అ³ గీయండి. (1, 1), (1, −1), (4, 8), (4, −8) బిందువులు పెట్టి కలిపితే మూలబిందువు దగ్గర పిచ్చుక ముక్కులాంటి మొన వస్తుంది. ఎడమవైపు గీతే ఉండదు; ఎందుకో ఆలోచించండి.

అవకలనం చేస్తే 2న·డన = 3అ²·డఅ. (1, 1) దగ్గర వాలు 3/2, (4, 8) దగ్గర 3. మొన దగ్గర మాత్రం 0 = 0. సమీకరణం నోరు మెదపదు. ఇలాంటిదే సింగ్యులర్ బిందువు.

ఇప్పుడు గీత మీద చీమను నడిపిద్దాం. ‘క’ క్షణంలో అది అ = క², న = క³ దగ్గర ఉంటుంది. అప్పుడు డఅ = 2క·డక, డన = 3క²·డక. క = 0 అయితే రెండూ సున్నా; చీమ మొన దగ్గర లిప్తపాటు ఆగి వెనుదిరుగుతుంది.

డఅ, డనలతో కట్టిన రాశులను అవకలన రూపాలంటారు. వాటిలో 2అ·డన − 3న·డఅ చూడండి. చీమ లెక్కలో అది 6క⁴·డక − 6క⁴·డక, ఎప్పుడూ సున్నాయే. కానీ చీమను పక్కన పెట్టి, సమీకరణం ఇచ్చిన సంబంధంతోనే సున్నా అని చూపగలరా? ‘న’తో గుణించి, న² బదులు అ³ వేయండి: అ(2న·డన − 3అ²·డఅ), అంటే సున్నా. ఇక ‘న’తో భాగిస్తే సరి అంటారా? మొన దగ్గర ‘న’ సున్నా! చిన్న తరగతి నియమమే ఇక్కడ అడ్డం పడింది. సంబంధాన్ని గుణించాల్సింది అ/నతో, అంటే 1/కతో. అ, నల బహుపదిగా అది రానే రాదు. కాబట్టి మన రూపం సున్నా కాదు, ‘న’తో గుణిస్తేనే సున్నా. ఇలాంటి వాటిని టార్షన్ అంటారు.

కొన్ని లెక్కల్లో దీన్ని తీసి పక్కన పెడతారు. నాకైతే ఉంచడమే ఇష్టం, మొన కబురు తెచ్చేది అదే కదా! వక్రం నునుపుగా ఉన్నచోట టార్షన్ ఉండదు. మరి నునుపు తప్పిన ప్రతిచోటా ఉంటుందా? ఉంటుందనే 1963లో బెర్గర్ ఊహించాడు. చాలా రకాల వక్రాలకు నిరూపణ వచ్చింది. అన్నిటికీ ఇంకా రాలేదు.

న² = అ⁵ మీరు చేయండి. చీమ దారి అ = క², న = క⁵; రూపం 2అ·డన − 5న·డఅ. ఈసారీ ‘న’తో గుణిస్తే చాలా?