వట్టిపోయిన గేదె

2017 మార్చి 31, రాత్రి పదకొండున్నర. బ్రాంచిలో క్లోజింగ్ ఇంకా తెమల్లేదు. బిర్యానీ పొట్లాలు తిన్నచోటే పడి ఉన్నాయి. నేను నా గది తలుపు దగ్గరగా వేసి, తెల్లకాగితం మీద నాలుగు లైన్ల రాజీనామా రాశాను. ‘వ్యక్తిగత కారణాల వల్ల’ అని కూడా రాశాను. ఆ ముక్క లేని రాజీనామా నేను పుట్టాక చూడలేదు.

మర్నాడు దాన్ని మా యూనియన్ పాత సెక్రటరీకి చూపించాను. రిటైరై ఇంట్లో మొక్కలకి నీళ్లు పోసుకుంటున్న మనిషి. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, “రాజీనామా అని రాశావేంటయ్యా? ఇరవై రెండేళ్ల పింఛను చించి పారేస్తున్నావు, తెలుసా?” అన్నాడు.

నాకు తెలీదు. ఊళ్లోవాళ్ల అప్పు కాగితాలన్నీ కామాలతో సహా చదివినవాణ్ణి, నా ఉద్యోగం కాగితాలు ఒక్కసారీ తిరగేయలేదు. 1995 నాటి మా పింఛను నిబంధనల ప్రకారం రాజీనామా చేస్తే గడిచిన సర్వీసంతా గంగలో కలిసినట్టే. ఇరవై ఏళ్లు నిండినవాడు మూడు నెలల ముందు నోటీసిచ్చి ‘స్వచ్ఛంద పదవీ విరమణ’ అని రాస్తే మాత్రం పింఛను వస్తుంది. పైగా సర్వీసుకి అయిదేళ్ల వరకూ కలిపి లెక్కేస్తారు. రెండింటిలోనూ చేసేది ఇంటికి పోవడమే. కాగితం మీద రాసే మాటలోనే అంత తేడా ఉంది.

ఆ కాగితం మడిచి డ్రాయరులో పెట్టాను. అక్కడే పద్నాలుగు నెలలు ఉంది. బయటివాళ్లకి నేను ఉద్యోగం వదిలిన రోజే కనిపిస్తుంది. నాకు మాత్రం ఆ పద్నాలుగు నెలలే ముఖ్యం.

మొన్న దసరాకి మా మేనల్లుడు వచ్చి, “మావయ్యా, నాకు పని మీద ఇష్టం పోయింది. నీలాగే నేనూ బయటపడతా” అన్నప్పుడు నాకు ఆ డ్రాయరే గుర్తొచ్చింది. వాడికి ముప్పై ఎనిమిదేళ్లు. హైదరాబాదులో పద్నాలుగేళ్లుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, ఫ్లాటుకి ఇంకా పదకొండేళ్ల ఈఎంఐ. కొండపి వైపు మా బావగారి పొలంలో పది ముర్రా గేదెలు కట్టి డెయిరీ పెడతానంటాడు. వీడియోలు చూసి లెక్కలు కూడా వేసుకొచ్చాడు.

“ఇష్టం ఎప్పుడు పోయిందిరా?” అనడిగాను.

“అంటే... ఎప్పుడో అని చెప్పలేను మావయ్యా. పోయింది.”

తారీఖు చెప్పలేకపోతే ఇంకా వెతకాలి అంటాను నేను. నా తారీఖు నాకు బాగా గుర్తుంది. పెద్ద నోట్ల రద్దు నాటి క్యూలు అప్పుడప్పుడే సద్దుమణిగాయి. పంట రుణం రెన్యువల్‌కి ఒక శనగ రైతు వచ్చాడు. పైఆఫీసు నుంచి అప్పటికే రెండు ఫోన్లు: ఈ రోజు ఎన్ని బీమా పాలసీలు కట్టించారు? ఆయన ముందు పాలసీ ఫారం పెట్టాను. ఏటేటా ప్రీమియం కట్టాల్సిన పాలసీ, అదీ ఏటేటా అప్పు తిరగరాయించుకునే మనిషి చేత. ఆయన ఫారం వంకా నా వంకా చూసి, “ఇది కట్టకపోతే లోనివ్వరా సారూ?” అనడిగాడు. నేను అవుననలేదు, కాదనలేదు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాను. ఆయన సంతకం పెట్టాడు.

నేను 1994లో వ్యవసాయ ఫీల్డ్ ఆఫీసరుగా చేరినవాణ్ణి. స్కూటరు మీద నల్లరేగడి చేలగట్ల వెంబడి తిరగడం, బోరు పడిందో లేదో చూడడం, పొగాకు బ్యారన్ కింద కూర్చుని మజ్జిగ తాగడం, సాయంత్రానికి నాలుగు అప్పులు సిఫార్సు చేయడం, ఇదీ నా ఉద్యోగం. దాన్ని నేను పిచ్చిగా ప్రేమించాను. తర్వాత ప్రమోషన్లు వచ్చాయి, కంప్యూటర్లు వచ్చాయి, చేలు దూరమయ్యాయి. ఇదంతా అన్యాయం అనను. ప్రమోషన్లు నేనే అడిగి తీసుకున్నాను.

అయితే ఆ మార్చిలో నాకు ఇవేవీ విడివిడిగా తెలియలేదు. అన్నీ కలిసి ఒకే ముద్దగా, ‘ఇష్టం పోయింది’ అన్న ఒక్క మాటగా ఉండేవి. ఆ మాట దగ్గరే మనం మోసపోతాం. నిద్ర చాలని మనిషి, అవమానపడ్డ మనిషి, విసుగెత్తిన మనిషి, తప్పు చేస్తున్నానని లోపల గుచ్చుకుంటున్న మనిషి, నలుగురూ అదే మాటంటారు. ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వవేత్త 1974లో ‘బర్నవుట్’ గురించి రాశాడు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాని లక్షణాలు మూడు చెప్పింది: ఒంట్లో శక్తి అయిపోవడం, పనికి మనసు దూరమవడం లేదా పని మీద చులకన మొదలవడం, మన వల్ల ఏదీ కావట్లేదనిపించడం. దాన్ని జబ్బుల్లో కలపకుండా, ఉద్యోగంతో ముడిపడ్డ స్థితి అనే పేర్కొంది. నాకు మూడూ ఉండేవి. అయినా ఆ మూడింటికీ మందు సెలవా, బదిలీయా, సెలవు చీటీ శాశ్వతంగా ఇచ్చేయడమా అన్నది ఎవరికి వాళ్లు తేల్చుకోవాల్సిందే.

ఇక్కడ గేదె సంగతి చెప్పాలి.

1996లో అనుకుంటా, అప్పు మీద కొన్న గేదెల తనిఖీకి ఒక ఊరెళ్లాను. చెవికి బిళ్ల ఉందా, గేదె అదేనా, పాలిస్తోందా, అదీ చూడాల్సింది. ఒకావిడ కొట్టంలో గేదె పాలివ్వడం లేదు. కుర్రతనం, హడావిడి. ‘పాలు లేవు, వసూలు అనుమానం’ అని రిజిస్టరులో రాసేశాను. ఏం రాశావని ఆవిడ అడిగి చెప్పించుకుని నవ్వింది. “అయ్యా, ఇది వట్టిపోయింది గానీ గొడ్డుపోలేదు. చూడిది” అని నా చెయ్యి పట్టుకుని గేదె కుడి డొక్క మీద పెట్టి నొక్కించింది. లోపల ఏదో గట్టిగా తగిలి, పక్కకి జరిగింది. నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

ఈనే ముందు రెండు నెలలైనా గేదె వట్టిపోవాలి. పిండుతూనే పోతే పొదుగు కోలుకోదు, వచ్చే ఈతకి పాలు తగ్గుతాయి. ఇది పల్లెలో చిన్నపిల్లలకీ తెలుసు, వ్యవసాయం డిగ్రీ ఉన్న నాకూ తెలుసు. తెలిసినా రిజిస్టరులో అలా రాశాను. వట్టిపోయిన గేదె, గొడ్డుపోయిన గేదె పైకి ఒకేలా ఉంటాయి. పితికితే రెండింటికీ చెంబు ఖాళీయే. పశువుల సంతలో దళారులు బతికేది ఈ తేడా తెలియనివాళ్ల మీదే.

డ్రాయరులో కాగితం పెట్టాక నేను చేసిన మొదటి పని ఇరవై ఒక్క రోజులు సెలవు పెట్టి నిద్రపోవడం. నిజంగా నిద్రే. తిరిగి వెళ్లేసరికి ఆశ్చర్యం, కొంత ఇష్టం వెనక్కి వచ్చింది. పింఛను లైన్లో నిలబడ్డ ముసలమ్మలతో మాట్లాడబుద్ధైంది. కొత్తగా చేరిన కుర్రాళ్లకి లోన్ డాక్యుమెంట్లు నేర్పించబుద్ధైంది. కానీ పదింటికి పైఆఫీసు ఫోను మోగగానే కడుపులో అదే మెలిక. అంటే అలసట కొంత, అలసట కానిది కొంత. పెద్దాఫీసులో వ్యవసాయ విభాగానికి మార్చమని అడిగాను. ఆరు నెలలకి మార్చారు. అక్కడ రైతులు లేరు, రైతుల ఎక్సెల్ షీట్లున్నాయి. అక్కడా ఏడెనిమిది నెలలు కూర్చుని చూశాక, అప్పుడు తీశాను డ్రాయరులో కాగితం. చించేసి వేరే మాటతో ఇంకోటి రాశాను.

నోటీసు గడువు తీరాక 2018లో బయటికొచ్చాను. ఇరవై నాలుగేళ్ల సర్వీసు, కలిపిన అయిదూ ఇరవై తొమ్మిది. పూర్తి పింఛనుకి ముప్పై మూడు. నా ధైర్యం అడుగున ఇరవై తొమ్మిది బై ముప్పై మూడు అనే పరుపుంది. వ్యక్తిత్వ వికాసం సభల్లో నన్ను లేపి నిలబెట్టి చప్పట్లు కొట్టించినప్పుడు ఈ లెక్క ఎవరూ అడగరు. 2010 ఏప్రిల్ నుంచి బ్యాంకుల్లో చేరినవాళ్లకి ఈ పరుపు లేదు. మా మేనల్లుడికి అసలే లేదు. అందుకే నేను వాడికి ఆదర్శం కాను. ఆ మాట ముఖం మీదే చెప్పాను.

మా జిల్లాకి పేరిచ్చిన ప్రకాశం పంతులుగారు 1921లో మద్రాసులో మంచి ఊపుమీదున్న బారిస్టరు ప్రాక్టీసు వదిలేసి ‘స్వరాజ్య’ పత్రిక పెట్టారు. సంపాదించినదంతా దాంట్లో పోయింది. వదలాలనుకున్నవాళ్లు ఆయన పేరు ఠక్కున చెప్తారు. విశాఖ రచయిత రావిశాస్త్రి గారి పేరు ఎవరూ చెప్పరెందుకో. ఆయన వకీలుగానే ఉన్నారు. ఆ కోర్టు వరండాల్లో తిరిగే సారా కేసుల ముద్దాయిలు, పోలీసులు, ప్లీడర్లే ‘ఆరు సారా కథలు’లోకి నడిచొచ్చారు. నల్లకోటు విప్పేసి ఉంటే ఆ మనుషులు ఆయనకి ఎక్కడ దొరికేవారు? కోటు ఉంచుకోవడం కూడా ఒక్కోసారి తెగింపే. నాకు ఆ తెలివి లేకపోయింది. నేను రాసేవాణ్ణి కాదుగా మరి.

వదిలాక జీతం లేని బాధ ఎవరైనా ఊహించగలరు. నన్ను పడగొట్టింది పేరు పోవడం. ‘బ్యాంకు సారు’ అనేవాళ్లు ‘ఆయనండీ, అదే, బ్యాంకులో చేసేవారు’ దాకా వచ్చారు. మంగళవారం పొద్దున పదిన్నరకి ఒంగోలులో నడివయసు మగవాడు వెళ్లగలిగే చోటు ఏదీ లేదని అప్పుడే తెలిసింది. టీకొట్టు ఒకటుంది గానీ అక్కడా, “సెలవా సార్?” అంటారు. ఇంట్లో కూర్చుని వంటగది డబ్బాల మీద కొన్న తారీఖులు రాసి అంటించడం మొదలుపెట్టాను. నాలుగో రోజు మా ఆవిడ, “ఏవండీ, నా కందిపప్పుకి కూడా క్లోజింగ్ చేస్తారా?” అంది. ఏడు నెలలు అలా గడిచాక రైతు ఉత్పత్తిదారుల సంఘాలకి లెక్కలు రాసిపెట్టడం, అప్పు దరఖాస్తులు తయారుచేయడం పట్టుబడింది. పాత జీతంలో మూడోవంతు కూడా రాదు. చేలగట్లు మాత్రం మళ్లీ దొరికాయి.

ఇక మేనల్లుడి లెక్కలు. పది గేదెలు ఒకేసారి కొంటానని రాసుకున్నాడు. నేను ఇన్నేళ్లు గేదెల లోన్లు ఇచ్చినవాణ్ణి. రెండు గేదెల అప్పు కూడా మేం ఒకేసారి ఇచ్చేవాళ్లం కాదు. మొదటిది కొన్న అయిదారు నెలలకి రెండోదానికి డబ్బు విడుదల చేసేవాళ్లం. ఒకటి వట్టిపోయేనాటికి రెండోది పాలమీదుండాలి, ఇంట్లో చెంబు ఎప్పుడూ ఎండకూడదు. వాడి కాగితంలో ఏడాది పొడుగునా పది గేదెలూ పాలిస్తున్నాయి.

“ఏరా, మీ గేదెలు ఈనవా?” అన్నాను.

నవ్వాడు గానీ, ఆ రాత్రి కూర్చుని మళ్లీ రాశాడు. పద్నాలుగేళ్ల సర్వీసుంది, పదేళ్లు నిండితే పీఎఫ్ పింఛనుకి అర్హత వస్తుంది, ఆ ఖాతా ముట్టుకోవద్దన్నాను. గ్రాచ్యుటీ లెక్క కట్టించాను: లెక్కలోకొచ్చే ఆఖరి నెల జీతాన్ని ఇరవై ఆరుతో భాగించి, పదిహేనుతో, సర్వీసు ఏళ్లతో గుణించడం. అమ్మానాన్నల ఆరోగ్య బీమా కంపెనీదేనట. ఉద్యోగంతో పాటే అదీ పోతుంది. సొంతంగా తీసుకుంటే పాత జబ్బులకి మూడేళ్ల దాకా ఆగమనొచ్చు. కాబట్టి అది ఈ నెల్లోనే తీసుకోమన్నాను, వదిలినా వదలకపోయినా. ఇంకో సంగతి బ్యాంకువాడిగా చెప్పాను: జీతం చీటీ ఉన్నవాణ్ణి చూసే కళ్లతో మావాళ్లు గేదెలున్నవాణ్ణి చూడరు. అప్పు కావాలంటే ముందే చూసుకో.

ఇవన్నీ చెప్తుంటే మా చెల్లెలు, “నువ్వు వాణ్ణి వెళ్లమంటున్నావా, ఆగమంటున్నావా అన్నయ్యా?” అని విసుక్కుంది. రెండూ అనలేదు. మూడు వారాలు సెలవు పెట్టి, మా బావగారి చుట్టం ఒకాయన డెయిరీలో తెల్లవారుజామున మూడున్నరకి లేచి పేడ ఎత్తి రమ్మన్నాను. వాడు ఎక్కడ వట్టిపోయాడో నాకూ తెలీదు, వాడికీ తెలీదు. పని మీద ఇష్టం పోవడం వేరు, గేదెల మీద ఇష్టం ఉండడం వేరు. మొదటిదుంటే రెండోది దానంతటదే ఉంటుందనుకుంటాం.

వెళ్లాడు. ఇవాళ్టికి పన్నెండో రోజు. రోజూ ఫోన్ చేస్తాడు. మొదటివారం నడుం నొప్పి తప్ప కబుర్లు లేవు. తర్వాత పాలకేంద్రంలో వెన్న శాతం కొలిచే మిషను లెక్క తప్పుతోందని, దాని చుట్టూ ఏదో ప్రోగ్రాం రాయొచ్చని రెండు రోజులు అదే చెప్పాడు. వింటూ ఊరుకున్నాను.

నిన్న సాయంత్రం గొంతు కొంచెం పెంచి మాట్లాడాడు. కొట్టంలో ఒక గేదె పాలు ఆపేసిందట. దళారి వచ్చి బేరం పెట్టాడట, పెద్దాయన కూడా ఇచ్చేద్దామనే అంటున్నాడట.

“నేనొద్దన్నా మావయ్యా. చూడిదో కాదో చూడకుండా ఎలా అమ్ముతాం? పశువుల డాక్టరు రేపొద్దున వస్తానన్నాడు.”

వెనకాల ఎవరో, “ఆ గడ్డి ఇటు తే అబ్బాయా” అని కేకేశారు. ఫోన్ పెట్టేశాడు.