బహిష్టు పాఠం ఇంట్లోనే మొదలవ్వాలి

ఆరు, ఏడు తరగతుల పిల్లలకు పళ్ళు తోముకోవడం, గోళ్ళు తీసుకోవడం మనం బాగానే నేర్పుతాం. యుక్తవయస్సు మాట వచ్చేసరికి చాలామంది తల్లులకు నోరు పెగలదు. పాపం, ఆ పిల్ల మొదటి బహిష్టు చూసి హడలిపోతుంది. తడి గుడ్డను ఎవరికీ కనబడకుండా చీకటి మూల ఆరేస్తుంది.

సిగ్గు (హయా) విశ్వాసంలో భాగమే. అయితే ధర్మజ్ఞానానికి సిగ్గును అడ్డురానివ్వని అన్సారీ స్త్రీలను హజ్రత్ ఆయిషా (రజి) మెచ్చుకున్నారు (ముస్లిం). హజ్ ప్రయాణంలో సరిఫ్ అనే చోట ఆయిషా (రజి)కే బహిష్టు వచ్చి ఏడుస్తుంటే, ఇది ఆదం కుమార్తెలకు అల్లాహ్ నిర్ణయించినదేనని దైవప్రవక్త (సల్లం) ఓదార్చారు. తవాఫ్ తప్ప మిగతా హజ్ విధులన్నీ నెరవేర్చమన్నారు (బుఖారీ). మైల అంటూ పిల్లను మూల కూర్చోబెట్టేవారు ఈ హదీసు ఒకసారి చదవాలి.

పదో ఏడు దాటగానే అమ్మాయికి చెప్పండి: ఆ రోజుల నమాజులు మాఫీ, తిరిగి చేయనక్కరలేదు. రమజాన్ ఉపవాసాలు మాత్రం తర్వాత పూర్తిచేయాలి. బహిష్టు ఆగాక గుస్ల్ చేయాలి. గుడ్డ వాడితే సబ్బుతో ఉతికి ఎండలోనే ఆరేయాలి. ప్యాడ్ అయితే నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మార్చాలి. రక్తం తగ్గకుండా మునగాకు, తోటకూర, కలేజా పెట్టండి. కూరలో నిమ్మరసం పిండితే ఇనుము బాగా ఒంటబడుతుంది. బడిలో వారానికోసారి ఐరన్ మాత్ర ఇస్తే పారేయకుండా అన్నం తిన్నాక వేసుకోమనండి. రమజాన్‌లో ఇఫ్తార్ తర్వాత.

అబ్బాయికి గుస్ల్ ఎప్పుడు విధి అవుతుందో తండ్రే చెప్పాలి. అది కూడా మౌల్వీ సాబ్ మీదికే నెట్టేస్తున్నాం.