స్టాన్లీ కప్: తొలి రౌండ్‌లోనే తలకిందులు

ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో 32 జట్లుంటే స్టాన్లీ కప్ కోసం జరిగే ప్లేఆఫ్స్‌కు చేరేవి 16. తొలి రౌండ్ నుంచే ప్రతి సిరీస్‌కు గరిష్ఠంగా 7 మ్యాచ్‌లు. ముందుగా 4 గెలిచినవారిదే సిరీస్. స్కోరు సమమైతే షూటౌట్ ఉండదు. గోల్ పడేదాకా 20 నిమిషాల చొప్పున అదనపు పీరియడ్లు ఆడాల్సిందే.

ముఖ్యంగా గుర్తుంచుకోవాల్సింది 2023. లీగ్ దశలో 65 విజయాలు, 135 పాయింట్లతో రికార్డులు తిరగరాసిన బోస్టన్ బ్రూయిన్స్, తొలి రౌండ్‌లో 3-1 ఆధిక్యంలో ఉండి కూడా ఫ్లోరిడా పాంథర్స్ చేతిలో 3-4తో ఓడింది. ఏడో మ్యాచ్ అదనపు సమయంలో విజయగోల్ కార్టర్ వెర్హేగిది. ఆ ఊపుతోనే ఫ్లోరిడా ఫైనల్‌కు చేరింది.

2019లోనూ తొలి రౌండ్‌లోనే, లీగ్ దశలో 62 విజయాలు సాధించిన టాంపా బే లైట్నింగ్‌ను కొలంబస్ జట్టు 4-0తో ఊడ్చేసింది. అదే టాంపా 2020, 2021లో వరుసగా కప్పు గెలవడం మరింత గొప్ప విషయం.