ఉద్యోగి అనంతరం కుటుంబ రక్షణ: బీమా, కుటుంబ పింఛను

సంపాదించే వ్యక్తి మరణించినప్పుడు ఆ కుటుంబానికి రెండు విధాలైన అవసరాలు కలుగుతాయి. అంత్యక్రియలు, అప్పులు, పిల్లల ఫీజులు తక్షణావసరాలు. నెలనెలా ఇల్లు గడవడం దీర్ఘకాలికమైన అవసరం. మొదటిదానికి ఒక్కసారిగా చేతికందే మొత్తం కావాలి. రెండవదానికి ఎడతెగని ఆదాయం కావాలి. జీవిత బీమా మొదటిదాన్ని, కుటుంబ పింఛను రెండవదాన్ని తీర్చడానికి ఉద్దేశించినవి. కేంద్ర ప్రభుత్వోద్యోగుల విషయంలో ఈ రెండూ ఎట్లా పనిచేస్తున్నాయో, వాటి మధ్యగల భేదమేమిటో పరిశీలిద్దాం.

బీమా ఏర్పాట్లు

మన దేశంలో ప్రభుత్వోద్యోగుల బీమాకు నూరేళ్లకు మించిన చరిత్ర ఉంది. 1884 ఫిబ్రవరి 1న తపాలా ఉద్యోగుల సంక్షేమం కోసం తపాలా జీవిత బీమా ప్రారంభమైంది. 1888లో దాన్ని తంతి శాఖ ఉద్యోగులకు కూడా విస్తరింపజేశారు. ఇది ఉద్యోగి ఇష్టపడి తీసుకొనే బీమా.

1982 జనవరి 1న కేంద్ర ప్రభుత్వోద్యోగుల సామూహిక బీమా పథకం అమలులోకి వచ్చింది. అటుపిమ్మట ఉద్యోగంలో చేరినవారికి ఇది తప్పనిసరి. జీతం నుంచి మినహాయించే చందాలో కొంత భాగం బీమా నిధికి, తక్కినది పొదుపు నిధికి చేరుతుంది. ఉద్యోగి పదవీ విరమణ చేస్తే పొదుపు మొత్తం వడ్డీతో లభిస్తుంది. సర్వీసులో ఉండగా మరణిస్తే దానితోపాటు బీమా సొమ్ము కూడా కుటుంబానికి అందుతుంది.

అయితే 1990లో నిర్ణయించిన రేట్ల ప్రకారం ‘సి’ వర్గం ఉద్యోగి చందా నెలకు 30 రూపాయలు, బీమా మొత్తం 30,000 రూపాయలు. తరువాతి కాలంలో జీతాలు, ధరలు ఎంతో పెరిగాయి. 2015లో ఏడవ వేతన సంఘం దిగువ స్థాయి ఉద్యోగులకు సైతం 1,500 రూపాయల చందాతో 15 లక్షల బీమాను సిఫార్సు చేసింది. చందా భారం బాగా పెరుగుతుందన్న కారణంతో 2016లో కేంద్ర మంత్రివర్గం దాన్ని ఆమోదించలేదు. కాబట్టి ఈ బీమా ఒక్కటే కుటుంబాన్ని ఆదుకొంటుందనుకోవడం పొరపాటు.

కుటుంబ పింఛను

నిజమైన ఆధారం కుటుంబ పింఛను. ప్రస్తుత రూపానికి మూలమైన పథకం 1964 జనవరి 1న వచ్చింది. మొదట్లో దీనికోసం ఉద్యోగి తన గ్రాట్యుటీ నుంచి రెండు నెలల వేతనాన్ని వదులుకోవలసి ఉండేది. 1977లో ఆ షరతును తొలగించారు.

పాత పింఛను నిబంధనల ప్రకారం కుటుంబ పింఛను చివరి మూలవేతనంలో 30 శాతం. సర్వీసులో ఉండగా ఉద్యోగి మరణిస్తే మొదటి పదేళ్లు 50 శాతం ఇస్తారు. ఉదాహరణకు చివరి మూలవేతనం 40,000 రూపాయలైతే పదేళ్ల వరకు నెలకు 20,000, ఆపైన 12,000 రూపాయలు వస్తాయి. కరువు భత్యం దీనికి అదనం. పై వర్గానికి చెందిన ఉద్యోగి బీమా సొమ్ముతో పోల్చి చూస్తే, రెండు నెలల పింఛనే ఆ మొత్తాన్ని మించిపోతుంది.

2004 జనవరి 1 నుంచి చేరిన ఉద్యోగులకు, సాయుధ దళాలు మినహా, జాతీయ పింఛను వ్యవస్థ వర్తిస్తుంది. అయినా సర్వీసులో మరణం సంభవిస్తే కుటుంబానికి పాత నిబంధనల ప్రయోజనాలు లభించేట్లు ఎంచుకొనే అవకాశాన్ని 2021 నాటి నియమాలు కల్పించాయి. 2025 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన ఏకీకృత పింఛను పథకంలో, పింఛనుదారు మరణానంతరం జీవిత భాగస్వామికి ఆ పింఛనులో 60 శాతం లభిస్తుంది.

ఎవరికి చెందుతుంది?

ఈ ప్రశ్న దగ్గరే అనేక కుటుంబాలు చిక్కుల్లో పడుతున్నాయి. సామూహిక బీమా, గ్రాట్యుటీ మొత్తాలకు ఉద్యోగి చేసిన నామినేషన్ ప్రధానం. కుటుంబ పింఛను అట్లా కాదు. ఎవరు అర్హులో నిబంధనలే నిర్ణయిస్తాయి. ఒక రైల్వే ఉద్యోగి తన సోదరుని పేర వీలునామా రాయగా వచ్చిన వివాదంలో 1991లో సుప్రీంకోర్టు ఈ సంగతిని స్పష్టం చేసింది. కుటుంబ పింఛను మృతుని ఆస్తిలో భాగం కాదనీ, దాన్ని వీలునామా ద్వారా ఇతరులకు ఇవ్వడం చెల్లదనీ తీర్పు చెప్పింది.

ఉద్యోగి విడిగా తీసుకొనే బీమా పాలసీల సంగతి వేరు. నామినీ సొమ్ము స్వీకరించే వ్యక్తి మాత్రమేననీ, అది వారసులకు చెందుతుందనీ 1983లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. 2015 నాటి చట్ట సవరణతో తల్లిదండ్రులు, జీవిత భాగస్వామి, సంతానం నామినీలైతే ఆ సొమ్ముపై వారికే హక్కు కలిగింది.

కాలంతోపాటు నిబంధనలు కూడా మారుతున్నాయి. విడాకుల వ్యాజ్యం లేదా గృహహింస కేసు నడుస్తున్నప్పుడు, భర్తకంటె ముందు తన సంతానానికి కుటుంబ పింఛను ఇవ్వవలసిందిగా మహిళా ఉద్యోగి కోరవచ్చునని 2024 జనవరిలో ప్రభుత్వం ప్రకటించింది.

గ్రహించవలసినది

శ్రీనగర్‌లోని పోస్టుమాన్‌కైనా, విశాఖపట్నంలోని ఆదాయపు పన్ను గుమాస్తాకైనా ఇవే నియమాలు. కాని నియమం ఉన్నంత మాత్రాన సహాయం ఇంటికి చేరదు. వివాహం, సంతానం, నామినీ మరణం వంటి మార్పు జరిగినప్పుడల్లా నామినేషన్‌ను సవరించుకోవాలి. కుటుంబ సభ్యుల వివరాలను కార్యాలయంలో నమోదు చేయించాలి. ఆ పత్రాలు ఎక్కడున్నాయో ఇంట్లోవారికి తెలియజేయాలి. దుఃఖంలో ఉన్న కుటుంబం కార్యాలయాల చుట్టూ తిరిగే అవస్థ తప్పాలంటే ఉద్యోగి జీవించి ఉండగానే ఈ జాగ్రత్తలు పూర్తికావాలి.