ఏసా గ్రే పండితునికి వచ్చిన యొక యుత్తరము

ప్రకృతిశాస్త్రము చదువు విద్యార్థులు గొప్ప గ్రంథముల పేర్లను జ్ఞాపకముంచుకొందురు గాని, వానికి ముందు నడచిన యుత్తరములను తలపరు. అట్టి యుత్తరమొకటి అమెరికా దేశపు పండితుని బల్లమీదికి చేరిన విధ మిచ్చట వ్రాయుచున్నాను.

ఏసా గ్రే 1810లో న్యూయార్కు రాష్ట్రమున జన్మించెను. వైద్యవిద్యలో పట్టము పొందియు, మనస్సు మొక్కలమీదనే యుండుటచే ఆ వృత్తిని విడిచి, 1842లో హార్వర్డున వృక్షశాస్త్రాచార్యుడయ్యెను. 1855 ఏప్రిలులో ఇంగ్లండునుండి చార్లెసు డార్విను ఆయనకు జాబు వ్రాసెను. అమెరికాలోని ఉన్నత పర్వతములపై పెరుగు మొక్కల పేర్లను గ్రే గ్రంథమునుండియే యెత్తి వ్రాసి, అవి మరి యే దేశములందు గలవో ప్రతి పేరునకు నెదుట గుర్తింపుమని కోరెను. తాను వృక్షశాస్త్రజ్ఞుడు కాకయే యిట్టి ప్రశ్న లడుగుచున్నందుకు మన్నింపును వేడెను. ఎవరికైనను విసుగు పుట్టించు పనియే. గ్రే విసుగుకొనక జవాబిచ్చెను. పిమ్మట వచ్చిన ప్రశ్నలకును ఇచ్చుచు వచ్చెను.

ఆ యోర్పునకు ఫలముగా 1857 సెప్టెంబరు 5వ తేదీ గల యుత్తర మొకటి వచ్చెను. డార్విను ఇరువదేండ్లుగా ఆలోచించుచున్న సిద్ధాంతమంతయు దానితో సంగ్రహముగా నుండెను. పశువులను పెంచువారు తమకు నచ్చిన గుణములుగల వానిని ఏరి సంతతి పెంచుదురు. ప్రకృతియందును పుట్టినవన్నియు బ్రతుకవు. తన స్థితికి అనుకూలమగు చిన్న మార్పు గలిగినది బ్రతికి ఆ మార్పును సంతతికిచ్చును. ఇట్లు అనేక తరములకు క్రొత్త జాతు లేర్పడును. ఇతరు లెవరైన విని తమ గ్రంథములలో చేర్చుకొందురేమో యను భయమున, దీని నెవరితోను చెప్పవలదని డార్విను కోరెను. నకలొకటి తన యొద్ద నుంచుకొనెను.

ఆ నకలే ఆయనకు సాక్ష్యమయ్యెను. 1858 జూనులో, మలయా ద్వీపములనుండి ఆల్ఫ్రెడు వాలెసు పంపిన వ్యాసము డార్వినునకు చేరెను. అదే సిద్ధాంతము! ఇరువది సంవత్సరముల శ్రమకు ముందువెనుకల తగవు రానుండెను. లయలు, హూకరు అను మిత్రులు పూనుకొని, జూలై 1వ తేదీన లండనులోని లిన్నేయను సంఘమున వాలెసు వ్యాసముతోపాటు, 1844లో డార్విను వ్రాసిన దానిలో కొంత భాగమును, గ్రేకు పంపిన సంగ్రహమును చదివించిరి. డార్విను ఆ సభకు రాలేదు. మూడు దినములకు ముందే ఆయన పసిబిడ్డ జ్వరముతో మరణించెను. వాలెసునకు సభ సంగతియే తెలియదు.

నాకు మిక్కిలి నచ్చినది ఆ తరువాతి యుత్తరములలోని వాదము. గ్రే దైవభక్తుడు. జాతుల మార్పును అంగీకరించి, 1860లో అమెరికా పత్రికలలో డార్విను గ్రంథమును సమర్థించెను; కాని మార్పులను మేలైన దారిని నడిపించువాడు దేవుడే యనెను. కొన్ని కందిరీగల పిల్లలు గొంగళిపురుగును బ్రతికియుండగనే లోపలినుండి తినును. అట్టిదానిని దయామయుడు ఉద్దేశించి సృజించెనని తాను నమ్మజాలనని డార్విను ఆ యేడు మేలోనే ఆయనకు వ్రాసెను. అయినను ఇది మానవబుద్ధికి మించిన సంగతి యనియు ఒప్పుకొనెను. 1868లో అచ్చయిన గ్రంథమున, గ్రే పేరు చెప్పియే, ఆయన మతమును అంగీకరింపజాలనని విచారముతో తెలిపెను.

ఇరువురిలో ఎవరును తమ యభిప్రాయమును విడువలేదు. ఉత్తరములును ఆగలేదు. 1877లో డార్విను పుష్పముల వివిధ రూపములను గూర్చి గ్రంథమును ప్రకటించి, దానిని ఏసా గ్రేకు అంకిత మిచ్చెను.