ఒక యంత్రములో మఱియొక యంత్రము

కంప్యూటరును నడపు మూల ప్రోగ్రామునకు ఆపరేటింగ్ సిస్టమ్ అని పేరు. లినక్సు, విండోసు అనునవి యట్టివి. లినక్సు నడుచుచున్న కంప్యూటరునందే, దానిని తొలగింపక, విండోసును గూడ నడుపవచ్చునా యని విద్యార్థులు మమ్మడుగుచుందురు. నడుపవచ్చును. అది యెట్లు సాధ్యమో, అందు గమనింపవలసిన దేమో యిచ్చట సంగ్రహముగా తెలిపెదము.

ఇందుకు సాధనము వర్చువల్ మెషీన్, అనగా ప్రోగ్రాముచే కల్పింపబడిన కంప్యూటరు. తనకు ప్రత్యేకముగా ప్రాసెసరు, మెమరీ, డిస్కు ఉన్నట్లే లోపలి సిస్టమునకు తోచును. నిజమునకు ఆ డిస్కు సాధారణముగా లినక్సులోని యొక ఫైలు మాత్రమే. వెలుపలి లినక్సును ఆతిథేయి యనియు, లోపలి దానిని అతిథి యనియు నందుము.

ఈ భావన క్రొత్తది కాదు. 1972లో ఐ.బి.ఎం. వారు వి.ఎం./370 ను ప్రకటించి, ఒకే పెద్ద యంత్రమును పలువురికి వేఱువేఱు యంత్రములవలె పంచి యిచ్చిరి. 1974లో పోపెక్, గోల్డ్‌బర్గ్ అను పండితులు ఇట్టి యేర్పాటునకు మూడు లక్షణములు చెప్పిరి. అతిథిలోని ప్రోగ్రాము అసలు యంత్రముమీదవలెనే నడువవలెను. దాని యాజ్ఞలలో అధికభాగమును ప్రాసెసరే నేరుగా నెరవేర్పవలెను. వనరులపై యధికారము మాత్రము పర్యవేక్షించు ప్రోగ్రాము చేతిలోనే యుండవలెను. ఇంటికి వచ్చిన బంధువునకు గది యిత్తుము గాని కొట్టుగది తాళపుచెవు లీయము గదా!

ఇందుకు తోడ్పడు శక్తిని ఇంటెల్ వారు 2005లోను, ఎ.ఎం.డి. వారు 2006లోను తమ ప్రాసెసర్లలో చేర్చిరి. 2007లో కె.వి.ఎం. అనునది లినక్సు కెర్నెలులో భాగమయ్యెను. అది ప్రాసెసరు పనిని చూచుకొనగా, క్యూఎము అను ప్రోగ్రాము డిస్కు, తెర మొదలగువానిని కల్పించును. వర్ట్ మేనేజర్ సహాయమున ఈ రెంటిని సులభముగా నడుపవచ్చును.

అతిథి కిచ్చు మెమరీ ఆకాశమునుండి ఊడిపడదు. 8 గిగాబైట్ల యంత్రములో అతిథి 4 వాడుకొన్నచో, ఆతిథేయికి మిగులునవి 4 మాత్రమే. అతిగా నిచ్చినచో రెండును కుంటుపడును. అతిథిగా విండోసును నెలకొల్పుటకు దాని లైసెన్సు వేఱుగా నుండవలెను.

దీని ప్రయోజనము గొప్పది. 2014లో మైక్రోసాఫ్టు వారు సాధారణ రక్షణ సవరణలు నిలిపివేసిన విండోసు ఎక్స్.పి. పైననే నడుచు పాత ప్రోగ్రాము లున్నచో, ఇంటర్నెట్టు కలుపని యతిథిలో వానిని నడుపుకొనవచ్చును. ప్రయోగమునకు ముందు స్నాప్‌షాట్ తీసికొన్నచో, సిస్టము చెడినను క్షణములలో పూర్వస్థితికి తేవచ్చును. అయితే స్నాప్‌షాట్ ఉన్న డిస్కే చెడినచో రెండును పోవును. కావున విలువగల ఫైళ్లకు వేఱొక డిస్కులో నకలు ఉంచుట విధి.

యంత్రము చెడునేమో యను భయముతో దానిని తాకని బాలుడు దాని మర్మ మెఱుగజాలడు. చెఱిపి, తిరిగి కట్టి నేర్చుకొనుటకు ఈ యతిథి యంత్రము తగిన చోటు. ఉన్నత తరగతుల విద్యార్థులు ఉపాధ్యాయుల యనుమతితో దీనిని ప్రయత్నింతురు గాక.